నిద్రగన్నేరు కింద నల్లరాయి

జమ్ములపాలెం,
సెప్టెంబరు 7.

స్టెల్లా వదినగారికి,

తెరేసమ్మ రాస్తున్నాను. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మేమంతా అంటే నేనూ, నా కోళ్ళూ.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వుకోకండి. ఫోన్లో నా మాట మీకు వినపడదు. మీ చెవి మిషనేమో కీచుమంటుంది. నేను అరుస్తుంటే గట్టు మీద ఆడవాళ్ళంతా కొడవళ్ళు ఆపేసి మన ఇంటి సంగతులు వింటున్నారు. వాళ్ళకి సినిమా చూపించడం నాకిష్టం లేదు. అందుకని పామర్రులో కవర్లు కొన్నాను.

మీరు పంపిన రాయి బుధవారం దిగింది. ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి కప్పి, బాలింతను తెచ్చినట్టు తెచ్చారు. మేస్త్రీలు సాయంత్రానికల్లా మీ తమ్ముడి సమాధి మీద కూర్చోబెట్టేశారు. ఎంత నునుపండీ! వంగి చూస్తే నా మొహం కనపడింది. బంగారు రంగు అక్షరాలతో 'లాజరు' అని, కింద సిలువ. సమాధుల తోటలో అందరివీ సున్నం కొట్టిన సిమెంటు సమాధులు. మధ్యలో మీ తమ్ముడిది ఒక్కటే కలెక్టరుగారి కారులాగా నల్లగా మెరుస్తోంది.

"బతికినన్నాళ్ళూ మోకాలి లోతు బురదలో ఉన్నాడు, ఇప్పుడు చూడవే మారాజు!" అంది నాతో వచ్చిన మాణిక్యమ్మ. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. తమ్ముడికి మంచి పని చేశారు వదినగారూ. నవంబరు రెండున రాబోయేది ఆయన పోయాక మొదటి సమాధుల పండగ. మీరు తప్పకుండా రావాలి.

ఇంకో సంగతి. పిట్టల మడుగులో మీ తమ్ముడు చేసిన పనికి నన్ను పెట్టుకున్నారు. ఫారెస్టు వాళ్ళు వచ్చి అడిగితే ఊ అన్నాను. ఇంట్లో కూర్చుని గోడలు చూడలేకపోతున్నాను. చలికాలం పిట్టలు దిగేలోపు గుర్రపుడెక్క లాగెయ్యాలి, జమ్ము కొయ్యాలి, గట్టు గండ్లు పూడ్చాలి. నాతో మాణిక్యమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు. దోనెలో వెళ్ళి డెక్కని తాళ్ళతో గట్టుకి లాగుతున్నాం. మొదటిరోజు నేను మొత్తం శుభ్రం చేసేద్దామన్నాను. "లాజరు బావ అలా చెయ్యనిచ్చేవాడు కాదే. ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చేస్తే పిట్టలకి చాటు ఏదీ అనేవాడు" అని మాణిక్యమ్మ నా తాడు పట్టుకుని ఆపింది. నాతో ఒక్కనాడూ ఈ మాటలు చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్నా? పెళ్ళయినప్పటి నుంచీ ఆ పిట్టల్ని తిట్టని రోజు లేదు.

ఉంటాను,
తెరేసమ్మ


విజయవాడ,
సెప్టెంబరు 14.

తెరేసా,

రాయి సంగతి చదివి కడుపు నిండింది. రెండో సంగతి చదివి బి.పి. మాత్ర వేసుకున్నాను.

నీకు మతుండే ఈ పని చేస్తున్నావా? నా తమ్ముడు ఎందుకు పోయాడో మర్చిపోయావా? ఆ నీళ్ళ వల్లే కదా! కాళ్ళ పగుళ్ళతో ఆ మురికిలో దిగాడు, ఎలుక జ్వరం పట్టుకుంది. ఒళ్ళునొప్పులని మాత్రలు మింగి ఇంట్లోనే పడుకున్నాడు. కళ్ళు పచ్చబడ్డాక గానీ మీకు నేను గుర్తుకు రాలేదు. తీసుకొచ్చేసరికి మూత్రపిండాలు పోయాయి. నర్సుగా జీవితమంతా ఎవరెవరినో లేపి కూర్చోబెట్టాను, సొంత తమ్ముణ్ణి లేపలేకపోయాను. ఆ పక్షుల పేరు ఎత్తితేనే నాకు కంపరం. వాటికి తిండీ నీడా చూడటానికి మన ఇంట్లోంచి ఒకణ్ణి ఇచ్చాం, చాలదా? ఇప్పుడు నువ్వా?

మానెయ్యమంటే మానవని నాకు తెలుసు. మొండిదానివి. అందుకని వన్‌టౌన్‌కి మనిషిని పంపి గమ్‌బూట్లు కొనిపించాను, బస్సు పార్శిల్‌లో వేశాను. మోకాళ్ళ దాకా వస్తాయి. అవి లేకుండా నీళ్ళలో కాలు పెట్టావని తెలిస్తే ఊరుకోను. చెయ్యి కోసుకుంటే ఆ రోజు పనిలోకి దిగకు. జ్వరం వస్తే జ్వరమని చెప్పు.

పండక్కి వస్తాను. ఒక్కటి అడగాలి. భూస్థాపన రోజు అడిగే ఓపిక లేక ఊరుకున్నాను. అమ్మ పక్కన చోటుంది కదా, అటు చివర కంచె దగ్గర, ఆ చెట్టు కింద ఎందుకు పెట్టించావు వాణ్ణి?

స్టెల్లా


జమ్ములపాలెం,
అక్టోబరు 8.

వదినగారికి,

బూట్లు అందాయి. నా కాలికి పెద్దవి. లోపల గుడ్డలు కుక్కి వేసుకున్నాను. మొదటిరోజు జమ్ము దుబ్బుల్లో కూరుకుపోయాను. మాణిక్యమ్మ చెయ్యందించి లాగింది. నేను వచ్చాను గానీ కుడికాలి బూటు రాలేదు. దాన్ని పారతో తవ్వి తియ్యాల్సివచ్చింది. అందరూ గట్టెక్కి పొట్ట పట్టుకుని నవ్వారు. నన్ను ఇప్పుడు 'ఇన్‌స్పెక్టరమ్మ' అంటున్నారు. అయినా వేసుకుంటున్నాను, మీరు దిగులు పెట్టుకోకండి.

పని ఒక కొలిక్కి వచ్చింది. మడుగు మధ్యలో నీళ్ళు తేటగా కనపడుతున్నాయి, అంచుల్లో జమ్ము ఉంచేశాం. కోసిన జమ్ము గట్టు మీద ఎండుతోంది. నీలంకోళ్ళు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి. నత్తగుల్ల కొంగలు ఎప్పుడూ ఉన్నవే. పోయిన శుక్రవారం ఎర్రకాళ్ళ కొంగలు దిగాయి, ఆ వెనకే సంచీ ముక్కుల గూడబాతులు. ఆదివారం విజయవాడ నుంచి కాలేజీ పిల్లలు బైనాక్యులర్లు మెడలో వేసుకుని వచ్చారు. చూసి "వావ్ ఆంటీ" అన్నారు. నన్ను ఆంటీ అన్నారు, పిట్టల్ని వావ్ అన్నారు.

చెప్పకూడదనుకున్నాను గానీ, మీరు పండక్కి వచ్చి చూసేకన్నా ముందే తెలియడం మంచిది. అవన్నీ దిగింది సమాధుల తోటలో మడుగు వైపు కంచె పక్కనున్న నిద్రగన్నేరు మీద. మీ తమ్ముడి మీది కొమ్మలే వాటికి నచ్చాయి. మిగతావాళ్ళ సమాధులు తెల్లవి కాబట్టి రెట్ట పడినా పెద్దగా తెలియడం లేదు. మన నల్లరాయి మీద మాత్రం పట్టుచీర మీద పెరుగు ఒలికినట్టు ఉంది. రోజూ పొద్దున్నే బకెట్టుతో నీళ్ళు తీసుకెళ్ళి కడుగుతున్నాను. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. ఒక గూడబాతునైతే గుర్తుపట్టాను. నేను కడిగేదాకా తల వంచి చూస్తుంది, నేను బకెట్టు ఎత్తగానే పని కానిస్తుంది. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

అమ్మగారి పక్కన ఎందుకు పెట్టలేదన్న సంగతి మీరు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

తెరేసమ్మ


విజయవాడ,
అక్టోబరు 13.

తెరేసా,

నవ్వులాటగా ఉందా నీకు?

చెన్నపట్నం దాకా తిరిగి ఎంచిన రాయి అది. వాడు బతికుండగా నేను కొనిపెట్టింది ఏముంది, ఏమిస్తానన్నా వద్దక్కా అనేవాడు. ఇది ఒక్కటి కాదనలేకపోయాడు. దాని మీద అవి రెట్ట వేస్తుంటే నువ్వు బకెట్టు పట్టుకుని వాటితో కబుర్లు చెబుతున్నావు. అవి వాణ్ణి బతకనివ్వలేదు, పోయాక కూడా వదలవా?

ఫాదరుగారికి ఉత్తరం రాశాను. పండగలోపు ఆ చెట్టు కొట్టించమని అడిగాను. చర్చి స్థలంలో ఉన్న చెట్టు, ఫారెస్టు వాళ్ళది కాదు. ఆయన మంచివాడు, వెంటనే జవాబిచ్చాడు. 'కొమ్మలు లాజరు మీదే ఉన్నాయి కనక లాజరు భార్య ఊ అంటే కొట్టిద్దామమ్మా' అన్నాడు. సంఘపెద్ద అంతోని కూడా కొట్టెయ్యాలనే అంటున్నాడట.

ఊ అను. ఒక్క మాట, అంతే. నా తమ్ముడి మొహం శుభ్రంగా చూసుకోవాలని ఉంది.

స్టెల్లా


జమ్ములపాలెం,
అక్టోబరు 23.

వదినగారికి,

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

ఆదివారం పూజ అయ్యాక ఫాదరుగారు నన్ను పిలిచి అడిగారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. అంతోని అన్నయ్యకి అంత ఓపిక ఎక్కడిది? "చెట్టు సంగతి తర్వాత, ముందు ఈ పీడని లేవగొడతా" అని వరిపొలాల్లో కట్టే మెరుపు రిబ్బన్లు తెచ్చి కొమ్మకొమ్మకీ కట్టించాడు. దీపావళికి మిగిలిన సుతిలి బాంబులు తెచ్చి చెట్టు కింద వరసగా కాల్చాడు. ఇంకేముంది, మొత్తం లేచిపోయాయి. మడుగు మీద రెండు చుట్లు తిరిగి, ఉయ్యూరు వైపు పోయాయి.

మర్నాడు బకెట్టుతో వెళ్ళాను. రాయి నిగనిగలాడుతోంది. కడగాల్సిన పని లేదు. తల ఎత్తితే చెట్టు ఖాళీ. రిబ్బన్లు మాత్రం గాలికి చిటపటమంటున్నాయి. నేను సంతోషించాలి కదండీ? పీడ పోయిందని కొబ్బరికాయ కొట్టేంత పని కదా? నాకు ఆ పూట అన్నం సహించలేదు. మడుగు దగ్గరికి పోతే మేం ఇన్ని వారాలు ఎండలో వంగి చేసిన పని అక్కడే ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి, చూసే దిక్కు లేదు. మీ తమ్ముడు పోయిన మర్నాడు ఇల్లు ఇలాగే ఉంది.

మీరడిగినదానికి ఇప్పుడు జవాబు చెబుతున్నాను. ఆయన్ని అక్కడ పెట్టమన్నది నేను కాదు. ఆయనే అడిగారు. ఆస్పత్రిలో, మీరు మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు. "తెరేసా, నన్ను గన్నేరు కింద పెట్టించు. వాటి చప్పుడు వినపడాలి" అన్నారు. అమ్మ పక్కన అనలేదు. నేను రేపు వచ్చి పడుకునే చోటు పక్కనా అనలేదు. వాటి కింద అన్నారు. ఈ మాట ఎవరికైనా ఎలా చెప్పుకోను వదినగారూ? అన్నేళ్ళు కాపురం చేసి, చివరికి గూడబాతుల కన్నా వెనకబడ్డానని చెప్పుకోనా? సిగ్గేసింది. మీకైతే అసలు చెప్పబుద్ధి కాలేదు. మిమ్మల్ని కూడా వెనకే పెట్టారు కదా.

నాకు కోపం పోలేదు. ఇప్పటికీ ఉంది. కానీ నిన్న నిచ్చెన వేయించి మాణిక్యమ్మా నేనూ ఆ రిబ్బన్లన్నీ విప్పేశాం. అంతోని అన్నయ్య కింద నిలబడి "ఆడోళ్ళు చెట్లెక్కడం ఏం కాలం వచ్చింది!" అన్నాడు. "నీ బాంబుల కాలమే వచ్చింది, దిగాక చెబుతా ఉండు" అన్నాను.

నేను ఊ అనను. ఆయన అడిగిన చోటు చెట్టుతో కలిపి అడిగారు. చెట్టు కొట్టేస్తే ఆ చోటు ఆయన అడిగింది కాదు.

తెరేసమ్మ


విజయవాడ,
అక్టోబరు 26.

తెరేసమ్మకి,

నీ ఉత్తరం అందింది.

వాడు నాతో అనని మాట నీతో అన్నాడంటే నమ్మాల్సిందే. నువ్వు అబద్ధం చెప్పవు. కానీ నాకు చెప్పకుండా దాచావు. నేను రాయి ఎంచుతున్నప్పుడైనా ఒక్కమాట అనుంటే తెల్లరాయి తెచ్చేదాన్ని.

పండక్కి రాను. మోకాళ్ళు బాగాలేవు. అలా ఉన్న రాయిని నేను చూడలేను. నా పేరున కొవ్వొత్తి వెలిగించు.

బూట్లు వేసుకుంటున్నావా?

స్టెల్లా


జమ్ములపాలెం,
అక్టోబరు 29.

వదినగారికి,

వేసుకుంటున్నాను.

మీ మోకాళ్ళ నొప్పి సంగతి నాకు తెలుసు. అది మోకాళ్ళలో లేదు.

రిబ్బన్లు విప్పిన నాలుగోనాడు నత్తగుల్ల కొంగలు తిరిగొచ్చాయి. నిన్న గూడబాతులు దిగాయి. నన్ను చూసి తల వంచే ఆ మహాతల్లి కూడా వచ్చింది. ఈసారి తిట్టలేదు. మాణిక్యమ్మ నన్నే చూస్తోంది, అందుకని మొహం తిప్పుకుని మడుగు నీళ్ళలోకి చూశాను.

రాయి సంగతి మేం ఆలోచించాం. గట్టు మీద ఎండేసిన జమ్ము ఉందని రాశాను కదా. మాణిక్యమ్మకి చాప అల్లడం చిన్నప్పటి నుంచీ వచ్చు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరం కూర్చుని అల్లాం. చెట్టు కిందున్న సమాధులన్నిటికీ తలా ఒక చాప కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. పడేదేదో చాప మీద పడుతుంది. పండగనాడు పొద్దున పూజకి ముందు తీసేస్తాం. అంతోని అన్నయ్య చూసి, "మరి మా అమ్మకి కప్పరేం?" అన్నాడు. వాళ్ళమ్మ చెట్టుకి ఆమడ దూరంలో ఉంది. అయినా కప్పాం.

ఫాదరుగారు చూడటానికి వచ్చారు. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు, చాప ఎత్తి చూపించాను. ఆయన వంగి మొహం చూసుకుని జుట్టు సవరించుకున్నారు. "చెట్టు ఉండనియ్యండమ్మా" అన్నారు.

అందరి చాపలూ వాళ్ళవాళ్ళు తీసుకుంటారు. మీ తమ్ముడి చాప నేను తియ్యను. మీరు వస్తే మీరే తియ్యండి. రాకపోతే ఫాదరుగారు చాప మీదే పవిత్ర జలం చల్లుతారు. ఊరంతా చూస్తుంది. మీ ఇష్టం.

తెరేసమ్మ


విజయవాడ,
నవంబరు 6.

తెరేసా,

బస్సులో కూర్చున్నప్పటి నుంచీ రాయాలనుకుంటున్నాను. ఇంటికొచ్చి రెండురోజులు కాళ్ళు చాపుకుని పడుకున్నాను. చూశావా, నొప్పి నిజంగానే మోకాళ్ళలో ఉంది.

అక్కడ నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. అందరూ ఉన్నారు, నాకు చెవి వినపడదు, అరిచి చెప్పుకునే సంగతులు కావు. అందుకని నేనూ నీలాగే కవర్లు తెప్పించుకున్నాను.

చాప ఎత్తినప్పుడు నా మొహం కనపడింది. ముసలిదాన్నయిపోయాను. కానీ వాడి పేరు ఎంత బాగుందే! చుట్టూ కొవ్వొత్తుల వెలుతురు రాయిలో పడుతుంటే, నేను దుకాణంలో ఊహించుకున్నది సరిగ్గా ఇదే అనుకున్నాను. ఆ తర్వాత ఫాదరుగారు వచ్చి జలం చల్లి ప్రార్థన మొదలుపెట్టడం, పైనుంచి నువ్వు రాసిన ఆ గూడబాతు 'లాజరు' అన్న పేరు మీద 'లా' దగ్గర మొదలుపెట్టి చివరిదాకా రెట్ట పరిచెయ్యడం!

ఎవరూ కదల్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను చేతిరుమాలు తీశాను. తుడవబోతూ నీ వైపు చూశాను. నువ్వు చెట్టు పైకి చూస్తూ పెదవులు బిగబట్టి ఉన్నావు, భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నావనుకున్నాను. తీరా చూస్తే నవ్వు ఆపుకుంటున్నావు, దొంగముఖమా! మాణిక్యమ్మ కిసుక్కుమంది. అంతే, నాకూ ఆగలేదు. తమ్ముడు పోయాక నేను నవ్వడం అదే. సమాధి దగ్గర, అదీ ప్రార్థన మధ్యలో. ఫాదరుగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు, ఆయనా నవ్వే ఉంటారు.

చిన్నప్పుడు వాడు ఇంతే. అమ్మ కొత్త చొక్కా తొడిగితే సాయంత్రానికి బురదతో వచ్చేవాడు. నేను కొట్టేదాన్ని. మర్నాడు మళ్ళీ అంతే.

రుమాలు సంచీలో పెట్టేసుకున్నాను. నువ్వు చూశావో లేదో.

తర్వాత మీరంతా పలావు వడ్డనలో ఉన్నప్పుడు నేను ఒక్కదాన్నీ అక్కడే కాసేపు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మిషను తీసేశాను. అది లేకపోతే నాకు మనుషుల మాట ఒక్కటీ వినపడదు. అవి ముక్కులు టకటకలాడించే చప్పుడు మాత్రం కొంచెం కొంచెంగా వినపడింది. వాడికి వినపడాలన్న చప్పుడు అదేనా? అదే అయితే వాడు నిన్నేమీ వెనకబెట్టలేదు. నువ్వు రోజూ పని చేసే చోటే పడుకున్నాడు. నీ తిట్లు కూడా వినపడుతూ ఉంటాయి.

ఇంక నా మాట వినాలి. మిగతావాళ్ళకి చాపలు అల్లుకోండి, వచ్చే ఏడూ అల్లుకోండి. వాడి మీద మాత్రం కప్పకు. కడగకు కూడా. చెప్పినట్టు చెయ్యి.

వాడి జ్వరం అప్పుడు మీరు ఆలస్యం చేశారని నాకు నీ మీద కోపం. అది పోయిందని చెప్పను, తగ్గింది. నీకు ఒళ్ళు వెచ్చబడితే మాత్ర మింగి పడుకోకు. ఏ వేళైనా ఫోను చెయ్యి. నువ్వు ఏం చెప్పినా నాకు వినపడదు. నీ నంబరు చూసి బయలుదేరతాను.

స్టెల్లా


జమ్ములపాలెం,
నవంబరు 19.

వదినగారికి,

మీరు రుమాలు లోపల పెట్టుకోవడం చూశాను.

పండగయ్యాక మళ్ళీ కప్పిన చాప తీసేశాను. దాన్ని దోనెలో పరుచుకున్నాం, కూర్చోడానికి మెత్తగా ఉంది. గండ్లు పూడ్చడం అయిపోయింది, ఇప్పుడు రోజూ ఒక చుట్టు తిరిగి డెక్క మళ్ళీ అల్లుకోకుండా చూడటమే పని. నిద్రగన్నేరు మీద గూళ్ళు మొదలయ్యాయి. మన కొమ్మ మీదే రెండు. పుల్లలు తెచ్చేటప్పుడు సగం కింద పడేస్తాయి, అవన్నీ రాయి మీదే.

మొన్న ఆదివారం కాలేజీ పిల్లలు మళ్ళీ వచ్చారు. కంచె దాటి చెట్టు దగ్గరికి వచ్చి, "ఆంటీ, ఈ తెల్ల సమాధి ఎవరిది?" అని అడిగారు.

మావారిది అని చెప్పాను.

తెరేసమ్మ